ఇంక్యుబేటర్‌కు బంతిపూల దండ

నారాయణగూడలో ఓ పాత బిల్డింగు రెండో అంతస్తు ల్యాబులో త్రివేణి బొచ్చు పెంచుతుందంటే, అశోక్‌నగర్‌లో ఆమె ఇంటి చుట్టుపక్కలవాళ్లు పడీపడీ నవ్వేవారు. నవ్వనీ, వాళ్లకేం తెలుసు! చలికోట్ల కోసం కుందేళ్ల తోలు ఒలిచే చోటును చదువుకునే రోజుల్లో చూసొచ్చి, చాన్నాళ్లు ముద్ద మింగలేకపోయిన మనిషి ఆమె.

ఒక తెల్ల కుందేలుకు మత్తిచ్చి, చర్మంలోంచి చిటికెడు కణాలు తీసి, ఇంక్యుబేటర్ అనే వెచ్చటి పెట్టెలో సాకింది. ఆ కుందేలు ఇప్పటికీ క్యారెట్లు కొరుక్కుంటూ నిక్షేపంగా ఉంది. పెట్టెలో మాత్రం అరచేయంత పొర మీద మెత్తటి బొచ్చు మొలిచింది. దసరా తర్వాత దుస్తుల కంపెనీవాళ్లు వచ్చి చూస్తారు. నచ్చితే డబ్బు పెడతారు, పని సాగుతుంది, లేదంటే ల్యాబుకు తాళమే.

చెప్పులతో లోపలికొస్తే ఎంతటివాణ్నయినా దులిపేసే ఈ మనిషి, ఆయుధపూజ రోజు ఏం చేసిందనుకున్నారు? చిక్కడపల్లి మార్కెట్లో బంతిపూలు కొని, దండ గుచ్చి ఇంక్యుబేటర్‌కు వేసింది. వాళ్ల నాన్న దాసయ్య టైలరు. దసరాకు కుట్టుమిషన్‌కు దండ పడందే ఆ ఇంట్లో ఎవరూ అన్నం ముట్టేవారు కాదు. అన్నం పెట్టే మిషన్‌కు పూజ చేయకపోతే ఎలా అనుకుంది, అంతే. దండ పక్కకు జరిపి, అదే చేత్తో తలుపు తీసి, బొచ్చు చూసుకుని మురిసిపోయింది కూడా.

సెలవులయ్యాక తలుపు తీస్తే పొరంతా నల్లటి బూజు. పూల నుంచి చేతికి, చేతి నుంచి లోపలికి పాకింది. త్రివేణి అక్కడే కూలబడి ఏడ్చింది. తన చేతులు చూస్తే తనకే అసహ్యమేసింది.

ల్యాబు యజమాని జగన్నాథరావు అరవలేదు. ఎక్కడో ఒక తెల్ల కుందేలును కోయించి, తోలు ముక్క శుభ్రం చేయించి తెచ్చి గాజు పళ్లెంలో పెట్టాడు.

"ఈ ఒక్క పూటా గడవనీ అమ్మా. తర్వాత మళ్లీ పెంచుకుందాం. నువ్వు మాత్రం నోరు విప్పకు."

"గట్లెట్ల సార్?"

"ల్యాబు మూతపడితే నీ కుందేళ్లను ఎవరు కాపాడతారు?"

ఆ మాటలో అబద్ధం లేదు. తలొంచుకుంది.

కంపెనీ నుంచి వచ్చిన కుమారస్వామి గారు ఆ ముక్కను ప్రేమగా నిమిరారు. "అబ్బ, ఏం పెంచినవమ్మా! అచ్చం కుందేలు బొచ్చే. ఇంక జూసేదేం లేదు, పని షురూ చేయుండ్రి."

జగన్నాథరావు చేతులు జోడించాడు. త్రివేణి ముందుకొచ్చింది.

"అది కుందేలు బొచ్చే సార్. సంపి తీసిన్రు. నేను పెంచింది బూజు పట్టి పోయింది. దండ ఏసి పాడుచేసింది నేనే."

కుమారస్వామి గారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. ప్యాంటుకు తుడుచుకుని, మెట్లు దిగి వెళ్లిపోయారు.

"అంతా ముంచేశావ్. ఇప్పుడు తృప్తిగా ఉందా?" జగన్నాథరావు ఆమె వైపు తిరిగాడు.

త్రివేణి పళ్లెం వైపు చూస్తూ తల అడ్డంగా ఊపింది. "లేదు సార్. కుందేళ్లను కాపాడుతమని మొదలువెట్టి, ఒకదాన్ని మనమే సంపించినం."