తెల్ల పలక మీద బొట్టు

నిన్న లాప్‌టాప్‌లో జాగా ఖాళీ చేస్తుంటే ఒక ఫొటో బయటపడింది. కళింగపట్నం దగ్గర పచ్చిక బయలు, మధ్యాహ్నపు ఎండ. అందులో ఉన్నవారు, ఉన్నవి: నేను, మా దూరపు అత్త, ఆవిడ గేదె, మనిషెత్తు అల్యూమినియం విల్లు, దాని వెంట జరుగుతూ కాంతిని కొలిచే పరికరం, ముక్కాలి పీట మీద అరచేయంత తెల్ల పలక. నా ముఖం చూస్తే నాకే జాలేసింది.

పని చెప్పుకోవడానికి తేలికే. సూర్యుణ్ని వీపున పెట్టుకుని చూస్తే గడ్డి మెరుస్తుంది. ఎదురుగా పెట్టుకుని చూస్తే పోచల నీడలతో నల్లబడుతుంది. ఏ వైపుకి ఎంత వెలుగు తిరిగొస్తుందో అరవై ఆరు కోణాల్లో కొలవాలి, అదీ సూర్యుడు పెద్దగా జరగకముందే. ప్రతి కొలతనూ ఆ తెల్ల పలకతో పోల్చాలి కాబట్టి దాని మీద వేలిముద్ర కూడా పడకూడదు. వారం రోజుల ముసురు తర్వాత ఆ రోజే ఆకాశం తేటపడింది. సాయంత్రానికి పరికరం తిరిగి ఇచ్చేయాలి. ఆ పూట తప్పితే నా థీసిస్‌లో ఒక అధ్యాయం ఉండదు.

గేదె గడ్డి తొక్కకుండా చూస్తానని అత్త వచ్చింది.

"గడ్డి గేదెకెయ్యకుండా కొలుత్తన్నావేటి అల్లుడూ? ఈ ఉజ్జోగం సెబితే నీకు పిల్లనెవుడిత్తాడు?" అని ఒకటే నవ్వు.

నేను విల్లు బిగించి, వైర్లు సరిచూసుకుని వెనక్కి తిరిగేసరికి పలక నడిమధ్య తడి పసుపు, దాని మీద కుంకుమ.

"ఏటి సేసినావత్తా!"

"కొత్త సామానుకి బొట్టెట్టకుండా మొదలెడతారేటి? మావోడి బోటు మోటారుకీ నానే ఎట్టినాను. ఒక్క రోజైనా ఆగినాదేటి?"

"ఇది మోటారు కాదత్తా! తెల్లగా ఉండడమే దీని పని!"

"దానికంత గోలెందుకు? ఇలా తే, సింతపండెట్టి తోమేత్తాను."

పలకను గుండెకి హత్తుకుని పరుగెత్తాను. అత్త కొడుకు బోట్లు మరమ్మతు చేస్తాడు. అతని దగ్గర ఎమెరీ కాగితం అడిగి తీసుకుని, పలక లోపలంతా అదే తెలుపు కాబట్టి కుళాయి కింద దాని పైపొరను అరగదీస్తూ కూర్చున్నాను. పసుపు పోవడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ అత్త నా నెత్తిన గొడుగు పట్టుకుని నిలబడింది. "మరి బొట్టు లేకుండానే సేత్తావా?" అని మాత్రం ఒకసారి అడిగింది.

అత్తతో దెబ్బలాడవచ్చు, పలకను అరగదీయవచ్చు. పడమటికి జారిన సూర్యుణ్ని మాత్రం ఇప్పటికీ ఎవరూ వెనక్కి జరపలేరు. సముద్రం వైపు నుంచి మబ్బు వచ్చేదాకా కొలిచి పరికరం ఆపేశాను. కావలసిన కోణాలు అరవై ఆరు. కొలిచినవి నలభై ఒకటి.