మామను ముంచిన కెప్టెన్

నా జిందగీల నేను ఒక్కసారే కెప్టెన్‌నైన. ఆ ఒక్కసారికే మా మామను గోదారి మీది శ్రీరాంసాగర్ ప్రాజెక్టుల ముంచిన. ఏరు దాటినంక తెప్ప తగలేసేటోళ్లు లోకంల మస్తుమంది ఉన్నరు. దాటకముందే ముంచినోన్ని నేనొక్కన్నే కావచ్చు. నవ్వుర్రి, కని జర నిమ్మలంగ నవ్వుర్రి. మా మామ గూడ ఇది చదువుతడు.

హైదరాబాద్‌ల నౌకరీ చేసేటప్పుడు హుస్సేన్‌సాగర్‌ల తెరచాప పడవ నడుపుడు నేర్చుకున్న. నేర్చుకున్న అంటే, కొన్ని ఆదివారాలు వేరేటోళ్లు నడుపుతుంటె తాడు పట్టుకొని కూసున్న. నిజామాబాద్‌కు బదిలీ అయినంక, బోధన్‌ల ఫర్నిచర్ దుకాణం నడిపే నా దోస్తు సలీంతోని ఒక చిన్న పడవ చేయించిన. పడవల ఏ లోపం లేదు, ఆ మాట ముందే చెప్పాలె.

మొదటిసారి ఎక్కింది నా భార్య సుజాత, నవీపేట్‌ల పసుపు పండించే ఆమె బాపు, అంటె మా మామ. ఆయనకు ఈత రాదు. నా మీద నమ్మకం గూడ అంతంతే. పెండ్లైన కాన్నుంచి ఒక్క పనికి నన్ను సలహా అడగలే. గా పొద్దు నేనేందో సూపెట్టాలనుకున్న. బిడ్డ బతిమాలితే లైఫ్ జాకెట్ తొడుక్కొని, మూతి కుట్టిన పసుపు బస్తా లెక్క కదలకుండ కూసున్నడు.

నేను వెనక చుక్కాని కాడ, వాళ్లిద్దరు నా దిక్కు ముఖం పెట్టి. ఒడ్డు దాటంగనే హుకుం జారీ చేసిన: "పడవల కెప్టెన్ మాటనే మాట. నేను అడిగేదాక ఎవ్వరు మాట్లాడొద్దు." మామ తలకాయ ఊపిండు. నా మాటకు ఆయన తలకాయ ఊపంగ సూసుడు గదే మొదటిసారి.

కొంతసేపటికి సుజాత నా భుజం మీదికెళ్లి వెనకకు సూసుకుంట కండ్లు పెద్దగ చేసింది. నా నడుపుడు సూసి మురుస్తున్నదనుకున్న. నా వెనక నీళ్లు నల్లబడి, పెద్దగాలి వస్తున్నదని ఆమెకు కనవడ్డది. నోరు తెరవబోయింది. నేను పెదవుల మీద ఏలు పెట్టిన.

గాలి కొట్టింది. తెరచాప ఇటు నుంచి అటు తిరిగి, పడవ కుడికి వంగింది. ఎడమ దిక్కు జరుగుర్రి అని అరిసిన. ఇద్దరు సిపాయిల లెక్క జరిగిండ్రు, వాళ్ల ఎడమకు. ఎదురుంగ కూసున్నోళ్ల ఎడమ నాకు కుడి అని అప్పుడు తెలిసింది. పడవ బోర్లపడ్డది.

నీళ్లల్లకెళ్లి తలకాయ ఎత్తితే సుజాత కనవడ్డది. మామ తువ్వాల తేలుతున్నది. మామ లేడు. గా కొంచెంసేపు తలుసుకుంటె ఇప్పటికి గూడ నాకు నవ్వు రాదు. తర్వాత పడవ అవతలి దిక్కు నుంచి దగ్గు వినవడ్డది. ఈదుకుంట పోయి సూస్తె, జాకెట్ చెవులదాక లేచి, పడవ అంచు పట్టుకొని ఉన్నడు.

పడవ దింపనీకి వచ్చి ఒడ్డు మీదనే ఉన్న సలీం, చేపలోళ్ల పడవ తీసుకొని వచ్చేదాక ముగ్గురం తేలుకుంట ఉన్నం. గాలి వస్తుంటె చెప్పొద్దా అని సుజాతను అడిగిన.

"అడిగేదాక మాట్లాడొద్దన్నవు గద," అన్నది.

మామ, మాట్లాడొచ్చా అన్నట్టు నా దిక్కు సూసిండు. చెప్పు మామా అన్న.

"ఇంతకు మనం ఎటు పోతున్నం అల్లుడా?"

దానికి జవాబు ఒడ్డుకొచ్చినంక గూడ ఎతుకుతనే ఉన్న.

అందుకే గోదారి తల్లి సాక్షిగ ఒట్టు పెట్టుకున్న: ఇగమీద ఎటు పోతున్నమో చెప్పకుండ స్కూటర్ మీద గూడ ఎవ్వర్ని ఎక్కించుకోను.