రొయ్యల పొట్టు సంచి

దక్షిణ కొరియాలోని దేగు నగరంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే కెనడా దంపతులు ఒడెట్, రస్సెల్ శనివారం పొద్దున కాఫీ తాగుతుండగా ఇంటి ఓనరమ్మ కూ మాల్సున్ తలుపు బాదింది. ఆమె చేతిలోని సంచి నిండా కుళ్లిన రొయ్యల పొట్టు, అడుగున కారుతున్న నీళ్లు.

"మీ విదేశీయులకి ఎన్నిసార్లు చెప్పాలి? తిండి చెత్త వేరే డబ్బాలో వెయ్యాలని తెలీదా?"

ఆ చెత్త వాళ్లది కాదు. ఒడెట్‌కు అసలు రొయ్యలే పడవు. అయినా రస్సెల్ నడుం వంచి, "తప్పయిపోయిందండీ" అనేశాడు.

ఆ కంపు కన్నా మొగుడి వంగిన నడుమే ఒడెట్‌కు ఎక్కువ రోత పుట్టించింది. చేతులకు తొడుగులు వేసుకుని సంచిని కెలికింది. జిగురు పట్టిన డెలివరీ చీటీ ఒకటి దొరికింది.

"చూడండమ్మా, మూడు వందల రెండో నంబరు. మీ అబ్బాయి వాటాయేగా?"

ఓనరమ్మ చీటీ లాక్కుని మెట్లు దిగిపోయింది.

ఆదివారం తలుపు గడియకు క్యాబేజీ ఊరగాయ కిమ్చీ డబ్బా వేలాడుతూ కనిపించింది. "సారీ చెప్పినట్టేలే" అంటూ రస్సెల్ లొట్టలేస్తూ తిన్నాడు.

"మరి నిన్న నువ్వెందుకు చెప్పావు?" అంది ఒడెట్.

"గొడవెందుకని."

ఆమె తన కంచం తీసుకుని బాల్కనీలోకి వెళ్లి, అటు తిరిగి కూర్చుని తింది.