ట్యాంకర్ లోపల డోలు

నా కూతురి మీద ఒట్టు... ఇది జరిగింది. నవ్వితే నవ్వండి. నేనూ నవ్వుతూనే చెబుతాను.

నాది ముడి నూనె ట్యాంకర్. గోదావరి పక్క బావుల దగ్గర వేడివేడిగా నింపుతారు. ఆ నూనెలో మైనం ఎక్కువ. చల్లబడిందా... చలికాలం నెయ్యిలా గడ్డకడుతుంది. ఇక దింపడం ఎవరి తరమూ కాదు. "ఈసారి కూడా గడ్డకట్టించావో, బండి తాళాలు అక్కడ పెట్టి పో" అన్నాడు ఓనరు. డ్రైవింగు తప్ప నాకు వేరే పని రాదు.

అయినా ఎర్రబోరు ఊరు దాటాక ఆగాను. మా మేనమామ కొడుకు ముత్యం బావ రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు మరి!

"ఏంది బామ్మర్దీ, చెల్లె పెండ్లిల తినకుంటనే పోతవా? ఒక్క ముద్ద తినిపో."

ఒక్క ముద్ద కోడికూర దాకా వెళ్లింది. తర్వాత డోలు, చిందు. కల్లు మాత్రం ముట్టలేదు, అదీ ఒట్టే. తేరుకునేసరికి మంచు దిగిపోయింది. ట్యాంకర్ ఎక్కి, మూత తీసి కొలత కడ్డీ దింపాను. సగంలో ఆగిపోయింది. నొక్కినా కదల్లేదు.

"మంట పెట్టి కాగబెడదమా?" అన్నాడు బావ.

"నిప్పు చూపిస్తే పెళ్లికూతురితో సహా అందరం ఎగిరిపోతాం బావా!"

పాపం బావ, ట్యాంకర్ మీద గోనెసంచులు కప్పి వెళ్లి పడుకున్నాడు. డోళ్లు ఆగాయి. ఊరంతా నిద్రపోయింది. రేపు ఓనరుకు ఏం చెప్పాలో తెలియక బండి పక్కనే కూర్చున్నాను.

అప్పుడు... దుమ్.

ఆగింది.

దుమ్... దుమ్... దుమ్‌దుమ్.

చల్లబడితే ఇనుము చప్పుడు చేస్తుంది, నాకు తెలుసు. కానీ డోలులా తాళం వేస్తుందా? మెల్లగా ట్యాంకర్‌కు చెవి ఆనించాను. చెంపకు వెచ్చగా తగిలింది. లోపల డోలు... డోలు వెంట అడుగులు... చాలామందివి... గజ్జెలు... ఎవరో ఆడమనిషి నవ్వు.

ఒళ్లంతా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పారిపోవాలి. కానీ నా కాళ్లు... ఆడుతున్నాయి!

భయంతో ఏడుస్తూనే ఆడాను. కాసేపటికి ఏడుపు పోయింది. అంత సంతోషం నా పెళ్లిలో కూడా ఎరగను.

"తాగలేదంటివి కదరా!" నిద్రకళ్లతో వచ్చాడు బావ.

"చెవి పెట్టి చూడు బావా."

పెట్టాడు. మొహం పాలిపోయింది. మరుక్షణం లుంగీ ఎగ్గట్టి నన్ను మించి చిందేశాడు.

కోడి కూసేసరికి చప్పుడు ఆగింది. కడ్డీ దింపాను. సర్రున అడుగుకు దిగిపోయింది.

ఫ్యాక్టరీలో నూనె చివరి చుక్క దాకా పారింది. ఓనరు శభాష్ అన్నాడు. ఆ సాయంత్రమే బావ ఫోన్ చేశాడు.

"పారిందా?"

"పారింది బావా! బండి తాళాలు నా దగ్గరే!"

ఇద్దరం పగలబడి నవ్వాం. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"మరి... లోపలున్నోళ్లు ఏడ దిగిన్రు?"

మూత తీసి లైటు వేసి చూశాను. ఎవరూ లేరు.

దారిలో నేనెక్కడా ఆగలేదు.