గుడ్డ కుక్కిన బాకా

ఉస్తా షిహాతా బ్యాండులో పన్నెండు మంది ఉంటారని కైరోలో పెళ్లిళ్లు చేసే ప్రతి ఇంటికీ తెలుసు. వాళ్లలో వాయించేది ఏడుగురేనన్న సంగతి మాత్రం బ్యాండువాళ్లుండే మొహమ్మదలీ వీధి దాటి బయటికి పోలేదు. మిగిలిన ఐదుగురూ లబ్బీసులు. కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, చేతిలో వాయిద్యంతో వరసలో నడవడమే వాళ్ల పని. పెళ్లివాళ్లు టోపీలు లెక్కపెట్టి బేరమాడతారు కాబట్టి టోపీ కింద ఒక తల ఉంటే చాలు.

ఆ ఐదుగురిలో అవదల్లా పేరుపడ్డవాడు. పగలంతా వీధి వెనక సందులో ఇస్త్రీ కొట్టు నడిపేవాడు. కాలితో నెట్టే బరువైన ఇస్త్రీపెట్టె అతనిది. సాయంత్రం పెళ్లి ఉందని కబురొస్తే బొగ్గులు ఆర్పి, కోటు తొడుక్కుని వెళ్లేవాడు. షిహాతా అతణ్ణి ఎప్పుడూ ముందు వరసలోనే నిలబెట్టేవాడు. ఎందుకంటే అవదల్లా బుగ్గలు పూరించినట్టు ఇంకెవడూ పూరించలేడు. కళ్లు ఉబ్బి, మెడ నరాలు తేలి, ముఖం బీట్‌రూట్‌లా ఎర్రబడేది. చూసేవాళ్లు ఊరేగింపు మొత్తాన్నీ అతనే లాక్కుపోతున్నాడనుకునేవాళ్లు. అతని బాకా మాత్రం కిక్కురుమనేది కాదు. బయల్దేరేముందు షిహాతా ఐదుగురి వాయిద్యాలకూ మౌత్‌పీసు ఊడదీసి, గొట్టంలో గుడ్డముక్క కుక్కి, మళ్లీ బిగించేవాడు.

"పొరపాటున గాలి పోయిందనుకో, మేక అరిచినట్టు అరుస్తుంది. పరువు నాది," అనేవాడు.

తొమ్మిదేళ్లు అవదల్లాకు ఇందులో తప్పేమీ కనపడలేదు. కనపడింది అబ్బాసియ్యాలో ఒక పెళ్లిలో.

పెళ్లికొడుకు మేనమామ మంచి హుషారుమీద ఉన్నాడు. చెయ్యెత్తి బ్యాండు ఆపించి, "ఆ బుగ్గలాయన చేత ఒక్కడిచేత ఒక ముక్క వాయించండి. ఇందాకట్నుంచీ ప్రాణం పెట్టి ఊదుతున్నాడు, ఆయన్ని వినాలి," అన్నాడు.

జనమంతా అతనివైపు తిరిగారు. మేడల మీద ఆడవాళ్లు కూడా వంగి చూస్తున్నారు.

షిహాతా తడుముకోలేదు. "ఆయనకి పన్ను నొప్పి, బేగారూ."

"పన్ను నొప్పితోనే అంత ఊదాడా? అది తగ్గితే మా గోడలు పడిపోతాయే," అన్నాడు మేనమామ. వీధి వీధంతా నవ్వింది.

ఆ నవ్వు అవదల్లాను అంతగా బాధించలేదు. పన్ను నొప్పి అని షిహాతా అనగానే తన చెయ్యి దానంతటదే లేచి దవడ పట్టుకుంది. ఎవడూ చెప్పకుండానే తన ఒళ్లు అబద్ధంలో పాలు పంచుకుంది. ఇంటికొచ్చి కూర్చున్నా ఆ చేతిని చూస్తే అతనికి ఒళ్లు మండిపోయింది.

మర్నాడే వెళ్లి రుష్దీ ముందు నిలబడ్డాడు. రుష్దీ సైన్యం బ్యాండులో బాకా ఊది పింఛను పుచ్చుకున్నవాడు. ఇప్పుడు కాఫీ దుకాణంలో ఓ మూల హుక్కా పీలుస్తూ పోయేవాళ్ల మీదా వచ్చేవాళ్ల మీదా విసుక్కుంటూ ఉంటాడు.

"బాబాయ్, నాకు బాకా నేర్పు."

"తొమ్మిదేళ్లుగా పట్టుకునే ఉన్నావుగా, ఇంకా పరిచయం కాలేదా?"

"ఎగతాళి తర్వాత చేద్దువుగాని. నేర్పుతావా, నేర్పవా?"

"నీకెన్నేళ్లు?"

"నలభై మూడు."

"నీ తోటివాళ్లు పళ్లు ఊడగొట్టించుకుంటున్నారు, నువ్వు బాకా పడతానంటున్నావు," అన్నాడు రుష్దీ. అన్నాడే గాని, ఆ మధ్యాహ్నమే సొట్టలు పడ్డ పాత బాకా ఒకటి చంకన పెట్టుకుని ఇస్త్రీ కొట్టుకు వచ్చాడు.

మొదట అడ్డొచ్చింది బుగ్గలే. అవదల్లా బాకా నోటికి పెట్టగానే అవి బంతుల్లా ఉబ్బేవి. వేళ్లు మూడు మీటల మీదా తోచినట్టు పరుగులు పెట్టేవి. తొమ్మిదేళ్లు నటించిన ఒళ్లు అది, వాయించడమంటే దానికి అదే.

"దించు. వాయించేవాడు బుగ్గలు ఉబ్బించడురా. దొంగే ఉబ్బిస్తాడు," అనేవాడు రుష్దీ.

అవదల్లా పళ్లు కొరుక్కుని మళ్లీ మొదలుపెట్టేవాడు. మళ్లీ ఉబ్బేవి. ఒకరోజు కోపం పట్టలేక తన చెంప మీద తనే ఫెడీమని కొట్టుకున్నాడు.

రుష్దీ బల్ల మీద ఉన్న చొక్కా చూపించాడు. "దాని మీద నీళ్లు కొట్టు."

అవదల్లా చెంబెత్తి నోటినిండా నీళ్లు పట్టి, పెదాలు బిగించి చిమ్మాడు. చొక్కా అంతటా సన్నటి తుంపర సమంగా పడింది. చిన్నప్పట్నుంచీ రోజుకు వందసార్లు చేసే పని.

"ఇప్పుడు బుగ్గలేమయ్యాయి?"

"బుగ్గలు వదిలేస్తే నీళ్లు గడ్డం మీద కారిపోతాయి."

"అదీ సంగతి. బాకాలోకి గాలి కూడా అంతే."

ఆ పూటే మొదటి స్వరం తిన్నగా వచ్చింది. అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం కొట్టు తలుపు సగం దించి సాధన చేసేవాడు. పైనింట్లోంచి భార్య నబవియ్యా కిటికీలోంచి అరిచేది.

"ఏమయ్యా, కింద గాడిదని కట్టేశావా?"

"నీ చుట్టం వచ్చింది, మాట్లాడుతున్నా."

"అయితే దానికింత గడ్డి వేసి పంపు. పక్కింటి పిల్ల నిద్రపోవట్లేదు."

రాగం కుదిరాక కూడా రుష్దీకి ఒక ఫిర్యాదు మిగిలింది. అవదల్లా మెత్తగా ఊదలేడు. ప్రతి స్వరాన్నీ ఎవడి ముఖం మీదో విసిరినట్టు ఊదుతాడు. "నువ్వు పాట ఊదట్లేదురా, షిహాతాని తిడుతున్నావు," అన్నాడు ముసలాయన. అవదల్లా కాదనలేదు.

రెండో ఏడు గడుస్తుండగా షిహాతాను కాఫీ దుకాణంలో పట్టుకున్నాడు.

"ఉస్తా, నాకు వాయించడం వచ్చు. వినాలంటే ఇప్పుడే వినిపిస్తా."

"విన్నా. సందంతా వింటూనే ఉంది."

"అయితే నా బాకాలో గుడ్డ తీసెయ్యి."

షిహాతా కాఫీ కప్పు పళ్లెంలో పెట్టి అతనివైపు చూశాడు. "వాయించేవాళ్లు నాక్కావలసినంత మంది ఉన్నారు. ముందు వరసలో నీలాంటి ముఖం ఇంకోటి లేదు. సరిగ్గా ఊదితే నీ ముఖంలో ఏముంటుంది? ఏదో లెక్క తప్పినవాడిలా ఉంటావు. పైగా నీకు తీస్తే రేపు మిగతా నలుగురూ నా పీక మీద కూర్చుంటారు."

"వాళ్లు నేర్చుకోలేదుగా."

"నిన్ను మాత్రం ఎవడు నేర్చుకోమన్నాడు?"

ఆ ప్రశ్న అవదల్లాను ఎన్నో రోజులు తినేసింది. బట్టల మీద కసి తీర్చుకుంటూ ఇస్త్రీ చేశాడు. ఎవరిదో చొక్కా కాలర్ మాడ్చాడు.

హిల్మియ్యాలో ఒక పెళ్లి నాడు, బయల్దేరే వేళకు కబురొచ్చింది. మొదటి బాకా వాయించే బిషారాకు పైపెదవి మీద గడ్డ లేచిందట, రాలేడట. పెళ్లికూతురు గుమ్మం ముందు బ్యాండు ఆగినప్పుడు మొదటి బాకా ఒక్కడే సలాము వాయించాలి. అది వినపడ్డాకే పిల్లను బయటికి తీసుకొస్తారు.

"సలాము క్లారినెట్టు వాయిస్తుంది," అన్నాడు షిహాతా, గుడ్డముక్కలు చింపుతూ.

"క్లారినెట్టు సలామా? పెళ్లివాళ్లు నవ్వుతారు," అన్నాడు అవదల్లా. "నేనున్నాగా."

"నువ్వున్నావు, ముందు వరసలో. బుగ్గలు మర్చిపోకు."

షిహాతా అతని బాకా లాక్కుని గుడ్డ కుక్కాడు, ఎప్పటికంటే గట్టిగా. ఊరేగింపు కదిలేలోగా అవదల్లా గోడవైపు తిరిగి, మౌత్‌పీసు ఊడదీసి, టోపీలోంచి తీసిన తీగముక్కతో ఆ గుడ్డ లాగి పారేసి మళ్లీ బిగించాడు. పక్కనే నిలబడ్డ జల్హూమ్ చూశాడు. వాడూ లబ్బీసే, గొట్టాల మూట లాంటి పెద్ద బూర మోస్తాడు.

"అవదల్లా, పిచ్చెక్కిందా? మా అందరికీ చేటు తెస్తావా?"

"నీ పని నువ్వు చూసుకో."

"నా పని నోరు మూసుకోవడమే. నీదీ అదే."

డప్పు మొదలైంది. అవదల్లా ఊదాడు. బుగ్గలు ఉబ్బించలేదు, మీటలు సరిగ్గా నొక్కాడు. బిషారా వాయించే రాగమంతా మొదటి మలుపు నుంచి మసీదు దాకా అతనే మోశాడు. క్లారినెట్టు అతను ఉలిక్కిపడి చూశాడు. షిహాతా చేతికర్ర ఊపుతూనే ఒకసారి వెనక్కి చూశాడు. అయితే జనంలో ఒక్కడు కూడా తిరిగి చూడలేదు. చూడడానికి వాళ్లకు కొత్తగా ఏముంది? ఇన్నేళ్లూ అతను వాయిస్తున్నాడనే అనుకున్నారు, ఇప్పుడూ అదే అనుకుంటున్నారు.

మసీదు దగ్గర దారిస్తారని ఆగినప్పుడు షిహాతా దగ్గరికొచ్చి పెదాలు కదపకుండా అన్నాడు.

"తీరిందా నీ ముచ్చట? తేడా ఎవడికైనా తెలిసిందా? పోయి అడిగి రా."

"నీకు తెలిసింది."

"నాకు తెలిస్తే సరిపోతుందా?"

"సరిపోదు," అన్నాడు అవదల్లా.

పెళ్లికూతురు గుమ్మం ముందు అందరూ ఆగారు. డప్పు ఆగింది. క్లారినెట్టు అతను ముందుకు రావడానికి షిహాతా కర్ర ఎత్తబోతున్నాడు. అవదల్లా షిహాతా ముందు నుంచే నడిచి గుమ్మం ఎదురుగా నిలబడి బాకా ఎత్తాడు. ఇక కర్ర దించడం తప్ప షిహాతా చెయ్యగలిగింది లేదు, మధ్యలో లాగేస్తే పెళ్లి రసాభాస అవుతుంది.

సలాము గట్టిగా లేచింది. మొదటి చరణం గోడలకు తగిలి తిరిగొచ్చింది. రెండోది పైకెక్కుతుండగా ఒక స్వరం చీలింది. ముందు మెట్ల మీద కూర్చున్న ముసలివాడు మొహం చిట్లించాడు. మేడ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. అవదల్లా ఆగలేదు. ఆ స్వరం మీదికే మళ్లీ వెళ్లి, ఈసారి దాన్ని నిలబెట్టి, మిగతాది చివరిదాకా లాక్కొచ్చాడు. తలుపు తెరుచుకుంది. ఆడవాళ్లు నాలుకలాడిస్తూ జగరీతలు, ఆ పెళ్లి కేకలు, వేస్తూ పిల్లను బయటికి తీసుకొచ్చారు.

తిరుగుదారిలో షిహాతా అవదల్లా పక్కన నడిచాడు. జల్హూమ్, మిగతా ముగ్గురు లబ్బీసులు దూరంగా, వెనక నడుస్తున్నారు. వాళ్లలో ఎవడూ అవదల్లా ముఖం చూడలేదు.

"పైస్వరం చీల్చావు," అన్నాడు షిహాతా.

"చీల్చా."

"కంగారుపడి ముందే ఎక్కావు. బిషారా ఐతే అక్కడ ఊపిరి తీసుకుంటాడు. బుధవారం సాధనకి రా, చూపిస్తా." నాలుగడుగులు వేసి ఆగాడు. "ఇప్పుడు నా ముందు వరసలో బుగ్గలవాడి చోటు ఖాళీ అయింది. దీనికంతటికీ కారణం నువ్వే. బుధవారానికి నీలాంటి బుగ్గలున్నవాణ్ణి ఒకణ్ణి నువ్వే వెతికి తీసుకురా. ఎలా పూరించాలో నువ్వే నేర్పు."

అవదల్లా ఆగిపోయాడు.

"బుధవారం నేనొస్తా. మనిషిని మాత్రం తీసుకురాను. నీకు కావాలంటే నువ్వే వెతుక్కో, నువ్వే నేర్పుకో. నేను చచ్చినా నేర్పను."

"నీకు పొగరెక్కింది."

"ఎక్కింది," అని, అవదల్లా అతణ్ణి దాటి ముందుకు నడిచాడు.