తేదీ గడి ఖాళీగా ఉండకూడదు

తూకం యంత్రాలు అమ్మే ఆ కంపెనీలో ఆవిడను అందరూ రాతలక్క అంటారు. ఏ యంత్రం ఎలా బిగించాలి, ఏ మీట ఎప్పుడు నొక్కాలి అని పందొమ్మిదేళ్లుగా రాస్తోంది. ఆ పుస్తకాలు అట్టపెట్టెలోంచి బయటపడ్డాక కుంటి బల్లల కాళ్ల కింద సర్దుకునేవి. "నా రాత చదివేవాడు ఇంకా పుట్టలేదు" అని తనే నవ్వేది.

ఈ ఏడు పుట్టాడు. కాకపోతే మనిషి కాడు.

కొనేవాళ్లకు ఉత్తరాలు రాయడానికి కంపెనీ ఏఐ ఏజెంట్లను పెట్టుకుంది. ఇంకా తేలని బేరాల వరసను అక్కడ పైప్‌లైన్ అంటారు. అందులో ఏ బేరం ఎక్కడిదాకా వచ్చిందో ఏజెంట్లు చూసుకోవడానికి ఒక టూల్ తయారుచేశారు. ఆ టూల్‌ను ఎప్పుడు వాడాలి, ఏ గడికి ఏమిటర్థం అన్నది రాతలక్క రాయాలి. ఏజెంటు ఆ రాతను పొల్లు పోకుండా చదువుతుంది, చదివింది చదివినట్టే నమ్ముతుంది. అంతలా నమ్మేవాళ్లు దొరికితే భయం వేస్తుందని ఆవిడకు అప్పటిదాకా తెలీదు.

"ముగింపు తేదీ: బేరం పూర్తయ్యే రోజు" అని రాసింది. అంతే రాసింది.

బుధవారం మధ్యాహ్నం సేల్స్ బాబాయ్ హెల్మెట్ చేత్తో పట్టుకుని ఆవిడ బల్ల దగ్గరికొచ్చాడు. ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే. టూల్‌ను పరీక్షించేటప్పుడు ఏజెంటు ఆయన చూసే ఒక పిండిమిల్లుకు ఉత్తరం పంపింది: మీరు చెప్పినట్టు ఈ నెలాఖరుకు యంత్రం తీసుకుంటారని ఎదురుచూస్తున్నాం.

"ఆ మిల్లాయన నాలుగు నెలలుగా మంచం మీదున్నాడమ్మా. భార్య ఒక్కతే మిల్లు నెట్టుకొస్తోంది. నేను వెళ్లి ఎలా ఉన్నారని అడిగొస్తానంతే. ఇప్పుడు ఫోన్ చేసి, 'పలకరింపులన్నీ ఇందుకేనా' అంది."

"మరి తేదీ ఎవరు వేశారు బాబాయ్?"

"నేనే! ఖాళీగా వదిలితే మీ కంప్యూటర్ ముందుకు పోనిస్తుందా? ఎర్రగీత గీసుక్కూర్చుంటుంది. అందుకే అందరం నెలాఖరు కొట్టేస్తాం. నెల తిరిగితే మళ్లీ జరుపుతాం. ఎన్నేళ్లుగానో ఇదే తంతు. నీకు తెలీదూ?"

తెలీదు. ఆయన కూర్చునేది గోడకు అవతలే.

"అలాంటివి నాకు నలభై రెండున్నాయి. సోమవారం ఈ టూల్‌ను అన్ని బ్రాంచీలకూ వదులుతారటగా? అన్ని ఉత్తరాలూ వెళ్లాక, ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మాలెక్కను?"

ఆవిడ మేనేజర్ దగ్గరికెళ్లింది. ఆవిడకంటే పదేళ్లు చిన్నవాడు.

"తేదీలు సరిచేసుకోమనండక్కా."

"ఏమని సరిచేస్తారు? తెలీదని చెప్పే దారే లేదు ఆ గడిలో."

"ఖాళీ వదలడానికి పైవాళ్లు ఒప్పుకోరు. వాళ్ల అమ్మకాల అంచనాలన్నీ ఆ తేదీల మీదే. మీ రాత మార్చండి కావాలంటే, పొడుగు మాత్రం చేయొద్దు. రెండు వాక్యాలు."

"మూడు."

"రెండే అక్కా."

"బేరాలాడేది సేల్స్ వాళ్లే అనుకున్నాను" అని లేచొచ్చేసింది.

మొదట మర్యాదగా, "ఈ తేదీని జాగ్రత్తగా వాడండి" అని రాసింది. ఏజెంటు ఎంతో జాగ్రత్తగా అదే ఉత్తరం మళ్లీ రాసి, ముందు "బహుశా" అని చేర్చింది. ఈసారి బయటికి పోకుండా ఆపి ఉంచారు కాబట్టి సరిపోయింది. గురువారమంతా కొట్టేయడం, రాయడం. మధ్యలో అత్తగారి ఫోన్: "మోకాళ్ల మాత్రలు తెమ్మని మూడ్రోజులుగా చెబుతున్నా. అదీ రాసిస్తే గానీ నీకు ఎక్కదా?"

శుక్రవారం సాయంత్రానికి రెండు వాక్యాలు తేలాయి: "ముగింపు తేదీ కొనేవాళ్లు చెప్పింది కాకపోవచ్చు, గడి నింపడానికి సేల్స్ వాళ్లు వేసింది కావచ్చు. ఉత్తరాల్లో దీన్ని ఎప్పుడూ వాడకూడదు, తేదీ కావాలంటే ఆ బేరం చూసే సేల్స్ మనిషినే అడగాలి."

బాబాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని పిండిమిల్లు పేరు కొట్టింది. ఉత్తరం రాలేదు. బాబాయ్ ఫోన్ మాత్రం టింగుమంది: ఈ బేరం ఎప్పటికి తేలవచ్చో దయచేసి చెప్పగలరా?

"బతికించావమ్మా" అన్నాడాయన.

మేనేజర్ తలుపు దగ్గరనుంచే, "బాబాయ్ మిగతా బేరాలూ వదలండక్కా, చూద్దాం" అన్నాడు. వదిలింది. ఫోన్ టింగుమంది. మళ్లీ. మళ్లీ. జేబులో పెట్టుకున్నా ఆగలేదు.

"ఇదేంటే తల్లీ?"

"మిమ్మల్ని అడగమన్నాను. అడుగుతోంది."

బాబాయ్ కళ్లజోడు పెట్టుకుని ఒక్క వేలితో మొదలెట్టాడు. మూడోదానికే వేలు ఎటో పోయింది. ఆఫీసు ఖాళీ అవుతోంది. మందుల షాపు ఇంకో గంటలో మూసేస్తారు. రాతలక్క భుజాన వేసుకున్న సంచి మళ్లీ తీసి బల్ల మీద పెట్టింది.

"ఫోనిటివ్వండి బాబాయ్. మీరు చెప్పండి, నేను కొడతా."

"వీడు కొత్త షెడ్డు వేస్తున్నాడు. పైకప్పు లేచాక రమ్మన్నాడు, అది లేవడం లేదు. ఈయనకు తమ్ముడితో మాటల్లేవు, తమ్ముడు సరేనంటే గానీ కొనడు. ఈ పిల్ల నాన్న పోయాక కొట్టు తెరవాలా వద్దా అని..."

ఆవిడ ప్రతిదీ చివరిదాకా వింది. విన్నాక ప్రతిదానికీ ఒకటే కొట్టింది: ఇంకా తెలీదు.