తూకం సగంలో లేచిపోయిన మేనత్త

రెండు వారాల కిందట ఒక మంగళవారం పొద్దున బావ ఫోన్ చేశాడు. "అమ్మ లేస్తలేదు. జల్ది రా" అన్నాడు. మా మేనత్త కోడికంటే ముందు లేచే మనిషి. జ్వరమేమో అనుకుంటూ చెప్పులు కూడా వేసుకోకుండా పక్క సందులోకి పరుగెత్తాను. పడుకున్నది పడుకున్నట్టే పోయింది. ముందురోజు సాయంత్రం నాతో కంప్యూటర్ ప్రాసెసర్ గురించి వాదించిన మనిషి! ఈ వాక్యం రాస్తున్నాను కానీ ఇప్పటికీ నాకు నమ్మకం కలగడం లేదు.

మీలో ఎవరైనా బీదర్ గంజ్‌లో కందిపప్పు కొని ఉంటే ఆవిడను చూసే ఉంటారు. గద్దె మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చిమ్కోడ్ నుంచి వచ్చిన రైతుతో తెలుగులో, ఆఫీసువాళ్ళతో కన్నడంలో, హమాలీలతో దక్కనీలో ఒకే ఊపిరిలో పోట్లాడేది. మామయ్య పోయాక దుకాణం ఆవిడే నడిపింది. పప్పు తూచడానికి కరెంటు కాంటా వచ్చి చాలా కాలమైంది. కానీ గద్దె పక్కన కొక్కేనికి పాత ఇత్తడి తరాజు వేలాడుతూనే ఉండేది. అది సరుకుకు కాదు, మా ఇంటి నిర్ణయాలకు.

ఎవరికి ఏ సందేహం వచ్చినా ఆవిడ ముందు కూర్చోవాలి. మంచి కుడి పళ్ళెంలో, చెడు ఎడమ పళ్ళెంలో. చిన్న మాటకు కందిగింజ, పెద్ద మాటకు చింతగింజ. "గిది కందిగింజనా, చింతగింజనా? నువ్వే చెప్పాలె" అనేది. మనం తబ్బిబ్బయితే కళ్ళద్దాల పైనుంచి చూసేది. అన్నీ అయ్యాక చివర ఒక ప్రశ్న మాత్రం ఆవిడ అడిగేది. దానికి ఎప్పుడూ చింతగింజే. ఒక్కటే కట్టుబాటు, తూకం ముగిసేదాకా ఎవరూ లేవకూడదు. "తూకం సగంల లేస్తె లక్ష్మి లేచిపోతది" అనేది. ఫోన్ మోగినా, గిరాకీ వచ్చినా, వాన పడి బస్తాలు తడుస్తున్నా సరే.

నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి బతుకుతున్నానంటే ఆ తరాజు పుణ్యమే. చదువయ్యాక ఈ పని చేస్తానంటే నాన్న అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఎడమ పళ్ళెం నింపేశాడు. కెమెరావాళ్ళతో తిరుగుడేంది, ఉద్యోగం కాదు సద్యోగం కాదు, రేపు సంబంధాలు ఎట్లొస్తయి, అన్నీ చింతగింజలే. కుడివైపు నావి రెండో మూడో కందిగింజలు. అప్పుడు మేనత్త నన్ను అడిగింది: "ఆ పని చేస్తుంటె నీకు ఆకలి యాదికొస్తదా?" రాదన్నాను. ఆవిడ ఒక చింతగింజ కుడి పళ్ళెంలో వేసింది. పళ్ళెం కదల్లేదు. వేలితో కిందికి నొక్కి, "అయిపోయింది తూకం. లెవ్వుండ్రి" అంది. అందరికంటే ముందు నాన్నే లేచాడు.

ఆ సోమవారం నేను తెచ్చిన తగువు ప్రాసెసర్‌ది. పెళ్ళిళ్ళ కాలం ముంచుకొస్తోంది, నా పాత కంప్యూటర్ మూలుగుతోంది. అన్నిటికంటే పైమోడల్ కొనాలా, మధ్యరకంతో సరిపెట్టుకోవాలా అన్నది ప్రశ్న. ఎప్పుడో పాడైతే తీసి ఉంచుకున్న ఒక ప్రాసెసర్ చూపిస్తే ఆవిడ ముందు దాన్నే తరాజులో పెట్టింది.

"సారెడు పప్పంత గూడ లేదు. గింత తేలికదానికి గంత ధర ఎవడు వెట్టిండు బిడ్డా?"

నేను గింజలు వేయడం మొదలుపెట్టాను. పొద్దంతా పట్టే వీడియో తొందరగా తయారవుతుంది, చింతగింజ. మూడు కెమెరాల దృశ్యాలు ఒకేసారి ఆగకుండా నడుస్తాయి, ఇంకో చింతగింజ. చాలా ఏళ్ళు మార్చనక్కర్లేదు, కందిగింజ. ఇక ఎడమవైపు. బాగా వేడెక్కుతుంది, మన ఎండాకాలంలో దానికి నీళ్ళతో చల్లబరిచే ఏర్పాటు కావాలి. బోర్డు మార్చాలి, కరెంటిచ్చే డబ్బా మార్చాలి, కరెంటు పోతే మా ఇన్వర్టర్ మోయలేదు. పైగా నా పనికి మధ్యరకం కూడా చాలావరకు సరిపోతుంది. ఇది ఏ గింజో నాకు తేలలేదు. తేలేదాకా ఆవిడ ఊరుకోలేదు. చివరికి చింతగింజే వేశాను.

లోపల పదహారు కోర్లుంటాయి, అంటే పదహారుమంది హమాలీలనుకో అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"పెండ్లిళ్ళు ఉండేదే నాలుగు నెల్లు. మిగిలిన నెల్లు పదారుమందిని కూసోవెట్టి తినవెడ్తవా?"

"పని లేనప్పుడు వాళ్ళు కరెంటు ఎక్కువ తినరత్తా."

"తినకుండ కూసునే హమాలీలా! నా ఉమర్‌ల ఒక్కణ్ణి సూడలే" అని, నేనెంత చెప్పినా వినకుండా, ఎడమ పళ్ళెంలో తన లెక్కకు ఒక కందిగింజ వేసింది. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

పళ్ళేలు ఇంచుమించు సమంగా నిలిచాయి. ఆవిడ డబ్బాలోంచి ఒక చింతగింజ తీసింది. ఏ పళ్ళెంలోనూ వేయకుండా గద్దె అంచున పెట్టింది.

"ఒక్కటే అడిగేదుంది. నడుం గుంజుతాంది బిడ్డా, పొద్దున అడుగుత."

"తూకం సగంల లేస్తె లక్ష్మి లేచిపోతదంటివి గదా!"

"లక్ష్మికి గూడ నడుం ఉంటది" అని నవ్వుతూ, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది.

అంతే. మధ్యలో ఒక్క రాత్రి. నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. కట్టుబాటు పెట్టిందెవరు, తప్పిందెవరు? ప్రాసెసర్ల మంచిచెడ్డలు ఇంటర్నెట్‌లో ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. ఆవిడ ఏమడిగేదో మాత్రం ఎక్కడ వెతకను? నన్ను నాకు చూపించే ప్రశ్న ఒకటి ఈ లోకంలో ఉండేది, అది ఆవిడతో పోయింది. పెద్దదిక్కు పోవడమంటే ఇదేనని ఇప్పుడు తెలుస్తోంది.

దినాలయ్యాక నిన్న బావ దుకాణం తెరిచాడు. తరాజు అట్లాగే ఉంది, గింజలతో సహా. తెరవగానే ఊడ్చినవాళ్ళు కూడా దాన్ని తాకలేదు. బావ "నువ్వే వెయ్యి, తూకం అయిపోతది" అన్నాడు.

గద్దె అంచున ఉన్న చింతగింజను అరచేతిలోకి తీసుకున్నాను. "ఏమడిగేదానివత్తా?" అని పైకే అనేశాను. బావ అటు తిరిగాడు. గింజను తీసినచోటే పెట్టేశాను.

తలుపులు మూసి ఉండి ఉండి దుకాణమంతా ఉక్కగా ఉందని బావ ఫ్యాన్ వేశాడు. గాలికి పళ్ళేలు ఊగడం మొదలుపెట్టాయి, ఒకటి పైకి, ఒకటి కిందికి. నేను కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాచి ఫ్యాన్ ఆపేశాను. ఖాళీ గద్దెకు ఎదురుగా చెమటలు కక్కుతూ కూర్చున్నాం. పళ్ళేలు ఊగి ఊగి నిలిచిపోయాయి. తూకం ఇంకా కాలేదు కదా, ఇద్దరిలో ఎవరమూ లేవలేదు.